పగటి కరెంటు

పాళేనికి పంపిన అన్నం గంప పంపింది పంపినట్టే తిరిగొచ్చింది.

ఇంజను డ్రైవరు ఓబయ్య దాన్ని వంటింటి గడప పక్కన దించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. వెంకటశేషమ్మ మూత ఎత్తి చూసింది. అన్నం, పప్పు, వంకాయ కూర, ముంతలో గడ్డపెరుగు, ఏదీ కదలలేదు. పైన కప్పిన అరిటాకు కూడా నలగలేదు.

"ముట్టుకోలేదా?"

"లేదమ్మా."

"మూడోనాడు గదా ఓబయ్యా. పాళెం వాళ్లు పోలేరయ్యకు పాలు పోసి వచ్చుంటారు. ఇంట్లో పొయ్యి కూడా వెలిగించుండరు. కామమ్మ ఏమన్నా తిట్టిందా?"

"తిట్టుంటే బాగుండమ్మా." ఓబయ్య తలగుడ్డను రెండు చేతులతో మెలిపెట్టాడు. "తిట్టలేదు. ఒక్క మాట అడిగింది."

"ఏందది?"

"శుక్రవారం పగలు తీగల్లో కరెంటు వస్తాదని పెద్దయ్యకు ముందే తెలుసునా, అని."

వెంకటశేషమ్మ మూత పెట్టింది. అది సరిగ్గా కూర్చోలేదు. మళ్లీ పెట్టింది.

"నువ్వేం చెప్పినావు?"

"నాకు తెలిస్తే గదమ్మా చెప్పేది? తెలిసుంటే పోలేరయ్యను నేను పైకి ఎక్కనిచ్చుందునా?"

ఆ మాట అని ఓబయ్య వెళ్లిపోయాడు. అతనితో పదమూడేళ్లు పక్కపక్కన పనిచేసిన పోలేరయ్య చనిపోయాడు. ఏడవడానికి కూడా ఎవరి ముందు ఏడవాలో తెలియని స్థితి అతనిది.

వెంకటశేషమ్మ చూపు నడవ గోడ మీదికి పోయింది. అక్కడ ఒక ఇనపతీగ వేలాడుతుంటుంది. ఆ ఇంటికి వచ్చిన ఉత్తరాలన్నీ చదివాక దానికే గుచ్చుతారు. మామగారి కాలం నుంచీ అదే అలవాటు. శుభలేఖలు, శిస్తు కాగితాలు, ఇంజను సామాను అమ్మే మద్రాసు షాపు ఉత్తరాలు, అన్నీ ఆ తీగకే. చదవకుండా దానికి గుచ్చిన ఉత్తరం మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటే. అది పోయిన మంగళవారం నాడు వచ్చింది.

తెచ్చినవాడు మస్తానయ్య. పెద్దయ్యకు, అంటే వెంకటశేషమ్మ భర్త చెంచురామయ్యకు, ఒక్కగానొక్క తమ్ముడు. కరెంటు బోర్డులో జూనియర్ ఇంజనీరు. అన్నదమ్ములకు రెండు నెలలుగా మాటల్లేవు. తండ్రి స్థాపించి అన్న నడుపుతున్న శ్రీ కామాక్షి ఎలక్ట్రిక్ కంపెనీని బోర్డు తీసుకుంటున్నది. స్తంభాలు లెక్కపెట్టి, తీగలు కొలిచి, ఇంజనుకు అంటించిన కాగితం మీద సంతకం పెట్టమని బోర్డు పంపింది మరెవరినో కాదు, ఈ తమ్ముణ్ణే.

అందుకే ఉత్తరాన్ని అన్నకివ్వడానికి మొహం చెల్లక వదిన చేతికిచ్చాడు. అందినట్టు పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. అది రూలు. నాలుగేళ్ల వయసులో తల్లి పోతే, తలకు నూనె రాసి, అన్నం కలిపి పెట్టి, బడికి పంపిన వదినను సంతకం పెట్టమని ఎవడడుగుతాడు? మస్తానయ్య అడగలేదు.

వెంకటశేషమ్మ దాన్ని భర్త విస్తరి పక్కన పెట్టింది. చెంచురామయ్య కవరు మీద బోర్డు ముద్ర చూశాడు. సగం అన్నంలో లేచి చేయి కడుక్కొని, చింపకుండానే తీసుకుపోయి తీగకు గుచ్చాడు.

"చదవరా?" అంది ఆమె.

"సోమవారం పందిరేసి, మంత్రినెవరినో పిలిచి, బటను నొక్కిస్తారంట. దానికి పిలుపు. పడుండనీ."

పడే ఉంది. మంగళవారం, బుధవారం, గురువారం అందరి కళ్లముందూ పడే ఉంది.

అది పిలుపు కాదని శుక్రవారం తెలిసింది.

తూర్పుసత్రం ఊళ్లో కరెంటంటే రాత్రి సరుకు. పొద్దు కుంకగానే ఇంజను మొదలుపెడితే తెల్లవారుజామున ఐదింటికి ఆపేస్తారు. పగలు తీగల్లో ప్రాణం ఉండదు. వాటి మీద కాకులు వాలినట్టే, కంపెనీ తీగల పని చూసే పోలేరయ్య కూడా నిర్భయంగా వాటిని పట్టుకొని వేలాడేవాడు. సముద్రం అరమైలు దూరం. తూర్పుగాలికి స్తంభాల మీద తీగలను పట్టి ఉంచే పింగాణీ గిన్నెలకు ఉప్పు పేరుకుంటుంది. మంచు పడగానే ఆ ఉప్పు చెమ్మగిల్లి చిటపటమని నిప్పులు రాలుస్తుంది, ఊరంతా దీపాలు కొట్టుకుంటాయి. అందుకని ప్రతి శుక్రవారం పొద్దున పోలేరయ్య మంచినీళ్ల ముంత, మెత్తటి పాతగుడ్డ తీసుకొని స్తంభం తర్వాత స్తంభం ఎక్కి తుడుచుకుంటూ వచ్చేవాడు. ఊళ్లో ఆడవాళ్లకు తలంటి రోజు, స్తంభాలకూ తలంటి రోజు. "మా మహాలక్ష్ములకు తలంటు పోసొస్తా తల్లీ" అని వెంకటశేషమ్మకు చెప్పి, ఆమె పెట్టిన చద్దన్నం తిని బయలుదేరేవాడు.

మొన్న శుక్రవారం కూడా తిన్నాడు. ఊరగాయ కాస్త ఎక్కువే అడిగి వేయించుకున్నాడు.

సోమవారం పందిరి కింద బటను నొక్కినప్పుడు దీపం రాకపోతే పరువు పోతుందని బోర్డు వాళ్లు శుక్రవారం పొద్దున ఆరింటికే పరీక్షగా లైన్లో కరెంటు వదిలారు. స్విచ్చి వేసి మరిచిపోయిన ఇళ్లలో బల్బులు పట్టపగలు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే సముద్రం దారిలో నాలుగో స్తంభం మీద పోలేరయ్య తడిగుడ్డతో గిన్నెను పట్టుకున్నాడు.

శవాన్ని ఇంజను షెడ్డు ముందర దించినప్పుడు ఊరంతా అటు పరిగెత్తింది. వెంకటశేషమ్మ ఒక్కతే ఇటు పరిగెత్తింది. నడవలోకి వచ్చి తీగ నుంచి కవరు పీకి, చింతపండు జాడీలో అడుక్కి తోసింది. ఎందుకు పీకిందో తనకే తెలియదని ఆ తర్వాత తనకు తాను చెప్పుకున్నది గానీ, అది అబద్ధం. తెలుసు. మొగుణ్ణి దాచుకోవడానికే పీకింది.

సాయంత్రం చెంచురామయ్య ఇంటికొచ్చి తీగ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఏమీ అడగలేదు. ఆమె చెప్పలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఉప్పు, పప్పు మాటలు తప్ప మరో మాట లేదు.

*

పదకొండు గంటలకు వాకిట్లో సైకిలు ఆగింది.

మస్తానయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఇరవయ్యారేళ్ల వాడు మూడు రోజుల్లో నలభయ్యేళ్ల వాడిలా అయ్యాడు. వెంకటశేషమ్మ మజ్జిగ తెచ్చింది.

"లోపలికి రా అబ్బయ్యా."

"అన్న రమ్మంటే వస్తా."

లోపల నడవలో పడక్కుర్చీలో ఉన్న అన్న రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. గోడవైపు చూస్తూ గడ్డం గోక్కుంటున్నాడు.

"సాయంత్రం నాలుగ్గంటలకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు తిమోతిగారు వస్తారు. ఆదివారమైనా ప్రార్థన అయిపోగానే బయల్దేరతారంట. ఇంజను షెడ్డులోనే విచారణ. అన్నకు చెప్పు వొదినా" అన్నాడు మస్తానయ్య, అన్నకు వినపడేట్టుగా.

"ఎవురొస్తే నాకేంది శేషమ్మా? షెడ్డు నాది కాదు గదా. సర్కారుది. సర్కారు వాళ్లు సర్కారు షెడ్డులో ఏం జేసుకున్నా నన్నడగబన్లేదు" అన్నాడు చెంచురామయ్య లోపల్నుంచి.

ఇద్దరి మధ్య గడప పట్టుకొని నిలబడింది వెంకటశేషమ్మ. రెండు నెలలుగా ఆమె పని అదే. ఇటు మాట అటు, అటు మాట ఇటు.

"కంపెనీకి నోటీసు అందినట్టు సంతకం యాడ అని పైవాళ్లు అడుగుతుండారు. లేదని చెప్పినా. ఇంటికి తెచ్చిచ్చినానని రాసిచ్చినా. అన్న అందిందంటే సరి. అందలేదంటే, చెప్పకుండా లైన్లో కరెంటు వదిలి మనిషిని చంపినట్టు లెక్క. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, జైలు కూడా ఉండాది వొదినా."

చెంచురామయ్య కుర్చీలోంచి లేచాడు.

"మరి చంపలేదా? చంపింది మీరు కాదా? పదమూడేండ్లు నడిపినా నేను. ఈగ చచ్చిందా నా తీగల మీద? మీరు అడుగుపెట్టిన పొద్దే మనిషిని మింగినారు!"

ఎట్టకేలకు అన్న తనతో మాట్లాడాడు. అది ఇలాంటి మాట అయింది. మస్తానయ్య లేచి గడప దగ్గరికి వచ్చాడు, దాటలేదు.

"నీ తీగల్లో పగలు కరెంటే లేదు గదన్నా, చచ్చేదానికి!"

"లేదు. అవున్రా, లేదు. ఉన్నకాడికి అదన్నా ఎవురు తెచ్చినారు? మనూరికి దీపం కావాలని నాయిన మద్రాసుకు ఎన్ని అర్జీలు పెట్టినాడో నీకేం తెలుసు? నిక్కరు ఏసుకోని తిరిగేవాడివి. జనం చాలరన్నారు. దూరం అన్నారు. సముద్రం పక్కన ఎవురికి కావాల దీపం అన్నారు. అప్పుడు లేదే మీ సర్కారు! నాయిన పాత ఇంజను కొని బకింగ్‌హాం కాలవలో పడవ మీద తెచ్చినాడు. ఇసకలో పడవ దిగబడితే పోలేరయ్య పాళెం నుంచి ఇరవైమందిని తెచ్చి, భుజాలు తోలు ఊడిపోయేట్టు తాళ్లు లాగినాడు. ఆ ఇంజనుకు ఈ పొద్దు మీరు కాగితం అంటించి, పాతసామాను అని రాసినారు. నువ్వు రాసినావు. నీ చేత్తో!"

"రాసినా. పాతదే గదా. దాన్ని పెట్టుకోని ఇంకెన్నాళ్లు ఈదుతావు? పొలాలకు మోటర్లు పెట్టాలంటే పగలు కరెంటు కావాల. నీ ఇంజను ఇయ్యగలదా? నూట నలభై ఇండ్లకు రాత్రి దీపం ఇచ్చినావు, సంతోషం. పాళేనికి ఇచ్చినావా? స్తంభాల ఖర్చు గిట్టదన్నావు. పోలేరయ్య మామ ఊరందరి దీపాలూ తుడిచి, పొద్దుగూకి ఇంటికి పోయి కిరసనాయిలు బుడ్డి ముందర కూర్చున్నాడు, పదమూడేండ్లు. అదన్నా కంపెనీ అంటే. గిట్టినోళ్లకే వెలుగు."

"మీరేసినారు గదా వెలుగు! నిన్న ఆయన గుడిసె ముందర స్తంభం పాతినారంట. మనిషిని చంపి దీపం పెట్టినారు. అదీ సర్కారంటే."

స్తంభం పాతించింది మస్తానయ్యే. పోలేరయ్య ఇంటికి ముందు వెయ్యాలని నెల క్రితమే గుర్తు పెట్టుకున్నాడు. కూలీలు రావడం సరిగ్గా నిన్ననే అయింది.

గొంతు తగ్గించి అన్నాడు.

"నా తప్పు లేదనడం లేదన్నా. పాళెం రొండు మైళ్లు. సైకిలెక్కి పోయి మామకు నోటితో చెప్పొచ్చు. కాగితం రాసినా, ఇచ్చినా, ఇంక నా పని అయిపోయిందనుకున్నా. ఉద్యోగంలో చేరి రొండేండ్లు కాలేదు, అప్పుడే ఆఫీసు మనిషినైపోయినా. రాత్రుళ్లు అదే గుర్తొస్తా ఉండాది. నువ్వు నన్ను తిట్టు, కొట్టు. ఒక్క మాట మాత్రం చెప్పు. నీకు ఉత్తరం అందిందా, లేదా?"

చెంచురామయ్య పెదవులు కదిలాయి. కళ్లు తీగ వైపు పోబోయి ఆగాయి. వెనక్కి తిరిగి లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మస్తానయ్య వదిన వైపు తిరిగాడు. "నీకన్నా గుర్తుందా వొదినా? మంగళవారం, ఇక్కడే, నీ చేతిలో పెట్టినా. చేతికి పిండి అయిందని కొంగుతో పట్టుకున్నావు."

ఆమెకు గుర్తుంది. పిండి కూడా గుర్తుంది.

"మజ్జిగ తాగు అబ్బయ్యా" అంది.

మస్తానయ్య ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి లేచినప్పుడు అలాగే చూసేవాడు. అతనికి అర్థమైపోయింది. గ్లాసు ఎత్తి మజ్జిగంతా తాగి, అరుగు మీద పెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. కోపంగా వెళ్లినా ఆమె తట్టుకునేది. అడిగింది తాగి వెళ్లాడు.

*

తలుపు తీసుకొని వెంకటశేషమ్మ లోపలికి పోయింది. చెంచురామయ్య మంచం పట్టె మీద కూర్చొని ఉన్నాడు. ఎండ కిటికీలోంచి అతని పాదాల మీద పడుతున్నది.

"ఆ ఉత్తరం..." అన్నాడు.

మూడు రోజులకు ఆ మాట ఆ ఇంట్లో పుట్టింది.

"ఉండాది."

"కాల్చేసినావనుకున్నా."

"కాల్చాలనే పొయ్యి దగ్గరికి తీసకపోయినా. చెయ్యి రాలా."

"ఏముందో దాంట్లో."

"మీరు చింపుంటే తెలిసుండును."

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో భర్తను అంత మాట అన్నది అదే మొదలు. అతను తల ఎత్తలేదు.

"నాకు ఆయన మీద కోపమా శేషమ్మా? పోలేరయ్య మీద నాకేం కోపం? నాయిన పోయినప్పుడు పాడె మోసినోడు. నాకు ఈత నేర్పించినోడు. ఆ ముద్రను చూస్తే ఒళ్లు మండింది. అంతే. ఒక కవరు మీద కోపం. దానికింత అవుతాదని ఎవురనుకున్నారు?"

"అందిందని చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి."

"చెప్తే నేనే చంపినట్టు గదా."

"చెప్పకపోతే?"

అతని భుజాలు కదులుతున్నాయి. ఆమె పక్కన కూర్చొని వీపు మీద చెయ్యి వేసింది. పెద్దమనిషి, ఊళ్లో నలుగురికీ తీర్పు చెప్పే మనిషి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమెకు జాలేసింది. నిజం చెప్పాలంటే, జాలితోపాటు మొదటిసారి అతని మీద అసహ్యం కూడా కలిగింది. రెండూ ఒకే చేతిలో పట్టుకొని అతని వీపు నిమిరింది.

"నన్ను ఊళ్లో తల ఎత్తుకోనిస్తావా శేషమ్మా?" అన్నాడు చివరికి. అది ప్రశ్న కాదు, బతిమాలడం.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. చింతపండు జాడీలో చేయి పెట్టి కవరు తీసింది. తీగ గుచ్చిన చిల్లు దాని మధ్యలో ఉంది. అంచులు చింతపండు పులుసుకు నల్లబడ్డాయి. దాన్ని మడిచి రొంటిన దోపుకుంది. బయటికి తీస్తానో లేదో ఆమెకింకా తెలియదు. ఇంట్లో వదిలిపెట్టి పోలేకపోయింది, అంతే.

*

ఇంజను షెడ్డులో ఇంజను చల్లగా పడి ఉంది. దాని పెద్ద చక్రానికి వెంకటశేషమ్మ రోజూ పొద్దుగూకే వేళ పెట్టే బొట్టు గురువారం నాటిదే ఎండిపోయి కనిపిస్తున్నది.

తిమోతిగారు బక్కపలచని మనిషి. ఆయిలు పీపా మీద పలక వేయించి, దాని మీద కాగితాలు పరుచుకున్నారు. ఓబయ్యను అడిగారు, రాసుకున్నారు. కూలీలను అడిగారు, రాసుకున్నారు. గుమ్మం బయట ఊరి జనం గుంపుగా ఉన్నారు.

ఆ గుంపు ఉన్నట్టుండి రెండుగా చీలింది. పోలేరయ్య భార్య కామమ్మ వచ్చింది. మూడోనాడు ఇల్లు కదలకూడదని పాళెంలో అందరూ చెప్పినా వినకుండా రెండు మైళ్లు ఇసకలో నడిచొచ్చింది. షెడ్డు లోపలికి రాలేదు. గుమ్మానికి ఆనుకొని నిలబడింది. ఆమె చేతిలో ఒక ముంత ఉంది. పోలేరయ్య తలంటు ముంత. నాలుగో స్తంభం కింద పడి సొట్టపోయింది.

"నువ్వెందుకొచ్చినావు కామమ్మా ఇప్పుడు?" అన్నాడు ఓబయ్య మెల్లగా.

"నన్నెవురూ పిలవలా అన్నా. ఇనిపోదామని వచ్చినా."

తిమోతిగారు గొంతు సవరించుకున్నారు. "చెంచురామయ్యగారూ, శుక్రవారం పొద్దున లైను పరీక్షిస్తామని బోర్డు పంపిన నోటీసు మీకు అందిందా?"

షెడ్డంతా చెంచురామయ్య వైపు చూసింది. అతను కామమ్మ చేతిలో ముంతను చూశాడు. తర్వాత నేలను చూశాడు.

"రాలేదు."

"గట్టిగా చెప్పండి."

"రాలేదు."

వెంకటశేషమ్మ చెయ్యి రొంటి మీదికి పోయి అక్కడే ఆగింది. ఆ మాటకు ఆమె ఎదురు చూస్తూనే ఉంది.

తిమోతిగారు రాసుకొని మస్తానయ్య వైపు తిరిగారు. "ఇచ్చానని మీరు రాసిచ్చారు. ఎవరికిచ్చారు? ఇంట్లో ఎవరి చేతికి?"

మస్తానయ్య లేచి నిలబడ్డాడు. గుమ్మం పక్కన, ఆడవాళ్లలో, వదిన. ఒక్క మాట అంటే చాలు, ఇన్‌స్పెక్టరు ఆమెనే పిలిచి అడుగుతారు. మొగుడికి ఎదురు చెప్పమని, లేదా పదిమందిలో అబద్ధమాడమని.

"నేనే పొరబడి ఉంటాను సార్."

"ఏమిటీ?"

"ఇచ్చాననుకున్నాను. సైకిలు మీద యాడన్నా జారిపోయిందేమో."

"అనుకోవడమేమిటయ్యా! మనిషి ప్రాణం పోయింది. ఇచ్చావా, లేదా?"

"ఇవ్వలేదని రాసుకోండి సార్."

చెంచురామయ్య చటుక్కున తల ఎత్తాడు. తమ్ముడు అతని వైపు చూడటం లేదు. తిమోతిగారు పెద్దగా నిట్టూర్చి కలం సిరాలో ముంచారు.

"రాయొద్దయ్యా."

ఎవరో అన్నారు. ఎవరన్నారో వెంకటశేషమ్మకే కాసేపు తెలియలేదు. తన గొంతే. జనంలోంచి తానే నడిచి వస్తున్నది. ఆయిలు పీపా దగ్గరికి వచ్చి, రొంటి నుంచి కవరు తీసి, మడతలు విప్పి, పలక మీద పెట్టింది.

"మంగళవారం నా చేతికిచ్చినాడు. నేను మా ఆయన విస్తరి పక్కన పెట్టినా. చింపకుండా తీగకు గుచ్చినాడు. శవం వచ్చినాక నేనే పీకి దాచినా. తప్పు మా ఇద్దరిది. బిడ్డది కాదు."

తిమోతిగారు కవరును వెలుగుకు పట్టి చిల్లు చూశారు, ముద్ర చూశారు, అంటించిన అంచు చెక్కుచెదరకుండా ఉండటం చూశారు. జేబులోంచి చిన్న కత్తి తీసి కోశారు. లోపలి కాగితం ఇంగ్లీషులో ఉంది. తేదీ, వేళ చూసి తల పంకించారు. మడవబోయి ఆగారు.

"అడుగున తెలుగులో ఏదో చేత్తో రాసి ఉంది" అన్నారు.

మస్తానయ్య కళ్లు మూసుకున్నాడు. తిమోతిగారు కళ్లద్దాలు సర్దుకొని పైకి చదివారు.

"అన్నా, నా మీద కోపం నా మీదే ఉండనీ. శుక్రవారం పొద్దున ఆరింటికి లైన్లో కరెంటు వదులుతాము. పోలేరయ్య మామ స్తంభాలకు తలంటు పోసే రోజు అది. ముందు ఆయనకు చెప్పు. మరిచిపోవద్దు."

చదవడం అయిపోయింది. షెడ్డు వెనక సముద్రం చప్పుడు వినిపిస్తున్నది. ఇంజను నడిచినన్నాళ్లూ ఆ చప్పుడు అక్కడికి వినపడేది కాదు.

కామమ్మ గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేసింది.

"అయిపోయిందా అయ్యా?"

"అయిపోయిందమ్మా."

"ఇంతేనా?"

"ఇంతే."

"దాన్ని చదివేదానికి ఇంతసేపేనా పట్టేది?"

తిమోతిగారు కాగితాన్ని పలక మీద పెట్టారు. ఓబయ్య తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కామమ్మ ఎవరినీ తిట్టలేదు. సొట్టపోయిన ముంతను రెండు చేతులతో పొట్టకు అదుముకొని, ఆ కాగితం వైపే చూస్తూ నిలబడింది.

కాసేపటికి ఇన్‌స్పెక్టరు కొత్త కాగితం తీసుకున్నారు.

"చెంచురామయ్యగారూ, ఇందాక మీరు చెప్పింది నేను కొట్టేస్తున్నాను. మళ్లీ అడుగుతాను, ఆలోచించి చెప్పండి. నోటీసు మీకు అందిందా?"

చెంచురామయ్య లేచాడు. మొదట భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. తమ్ముడి వైపు చూశాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు పక్కనుంచి నడిచి, గుమ్మం దాకా వెళ్లి కామమ్మ ముందు ఆగాడు. అందిందన్న మాట ఆమెకే చెప్పడానికి నోరు తెరిచాడు.

కామమ్మ ఎదురు చూస్తున్నది.